మందు కొట్టేది ఒక పూట, ఆగాల్సింది నెల్లాళ్లు

(మృగశిర కార్తెలో ఒక ఆదివారం ఉదయం, విజయవాడలోని ఒక కాలనీ పార్కులో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన తోటపని తమ్ముళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. ఈ పార్కు పచ్చికలో కలుపు ఎలా పోగొట్టాలో, ఆ తర్వాత గరిక విత్తనం ఎప్పుడు చల్లాలో చెప్పడానికి వచ్చాను. స్ప్రేయర్ వీపున వేసుకునేది మీరు. నేను చెప్పబోయేదాంట్లో సగం మీకోసమే.

గుంటూరులో పొద్దున్నే బయల్దేరి, వారధి దాటి ఇక్కడికి వచ్చేసరికి ఏడయింది. కమిటీవాళ్లు కాఫీ తాగమన్నారు. ముందు పార్కు చూస్తానని ఒక పార అడిగి తీసుకుని రెండు చుట్లు తిరిగాను. ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయ శాఖలో పనిచేసిన అలవాటు. చేను చూడకుండా మందు పేరు నోటికి రాదు.

తూర్పు వైపు, వాకింగ్ ట్రాక్ పక్కన గరిక ఇంకా బతికే ఉంది. పలచబడింది, మధ్యమధ్య మట్టి కనిపిస్తోంది, అయినా వేరు బలంగానే ఉంది. పడమటి వైపు సంగతి వేరు. ఉయ్యాలల దగ్గర నుంచి గోడ దాకా పల్లంలో పచ్చగా కనిపిస్తున్నది పచ్చిక కాదు, నూటికి తొంభై పాళ్లు తుంగ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు ఈ పల్లంలోనే నీళ్లు ఎక్కువ రోజులు నిలిచాయని, నీళ్లు తీశాక బెత్తెడు ఒండ్రు మిగిలిందని ఇక్కడి పెద్దాయన ఒకరు చెప్పారు. ఎన్ని పొలాల గింజలు, ఎన్ని కాలవగట్ల గింజలు ఆ ఒండ్రులో కొట్టుకొచ్చాయో. తర్వాత చదును చేయడానికి నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించారట. తుంగ చాలా చోట్లకి అలాగే వస్తుంది, ట్రాక్టరెక్కి. మట్టి తోలించేటప్పుడు ఎర్రదా నల్లదా అని చూస్తాం గానీ, పిడికెడు తీసుకుని అందులో గడ్డలున్నాయా అని ఎవరూ చూడరు.

ఇదిగో, ఆ పల్లంలోంచి తవ్వి తెచ్చిన మొక్క. చేతులు మారుస్తూ అందరూ చూడండి. పైన నాలుగు ఆకులే. కింద చూడండి. నల్లటి గడ్డ ఒకటి, కుంకుడు గింజంత ఉంది. దాన్నుంచి సన్నటి తీగలాంటి వేరు ఒకటి పోయింది. ఆ తీగకి ఇంకో గడ్డ. అక్కడి నుంచి మళ్లీ తీగ, మళ్లీ గడ్డ. ఈ ఒక్క మొక్కకి నేను ఐదు లెక్కపెట్టాను, ఆరోది పారకి తెగి మట్టిలోనే ఉండిపోయింది. గోరుతో గీరి వాసన చూడండి. ఎక్కడో తెలిసిన వాసన, కదూ? సున్నిపిండిలో వేసే తుంగముస్తలు ఇవే. మూలికల కొట్లో డబ్బులిచ్చి కొనుక్కుంటాం.

ఈ గొలుసుని చెయ్యి పెట్టి లాగితే ఏమవుతుందో చెప్తాను. పైనున్న మొక్క వస్తుంది, తీగ తెగుతుంది, గడ్డలు లోపలే ఉంటాయి. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం చివర ఉన్న గడ్డ మొలుస్తూ, మిగతావాటిని నిద్రలో ఉంచుతుంది. తెగిందంటే ఒక్కొక్కటీ మేల్కొని మొలకెత్తుతుంది. నెలనెలా కూలీలని పెట్టి కలుపు తీయిస్తున్నామని, తీయించిన పది రోజులకి ముందుకన్నా దట్టంగా వస్తోందని కమిటీవాళ్లు బాధపడ్డారు. తీసినవాళ్ల తప్పు కాదది. తుంగ స్వభావమే అంత. మీరు డబ్బులిచ్చి దాన్ని నాట్లు వేయిస్తున్నట్టు అయింది.

అందుకే కొన్ని చోట్ల కలుపుమందు తప్పదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మందు కొట్టడం ఒక పూట పని. కొట్టాక విత్తనం చల్లేదాకా ఆగడం నెల్లాళ్ల పని. ఇన్నేళ్లలో నేను చూసిన పాడైన లాన్లలో ఎక్కువ భాగం మందు పనిచేయక పాడయినవి కావు, ఆగలేక పాడయినవి. ఎన్నాళ్లు ఆగాలి అన్నది మందుని బట్టి మారుతుంది. మందు పేరు తెలియకుండా రోజులు లెక్కపెట్టలేం. కలుపు పేరు తెలియకుండా మందు ఎంచుకోలేం.

కాబట్టి కలుపు దగ్గరే మొదలుపెడదాం. కాడని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. మూడు పలకలుగా తగిలితే తుంగ జాతి. గుండ్రంగానో చదునుగానో ఉండి, కణుపులుంటే గడ్డి జాతి. ఊద అలాంటిది, మన గరికా అలాంటిదే. ఆకు వెడల్పుగా, ఈనెలు వలలాగా ఉంటే వెడల్పాకు కలుపు. ఈ పార్కులో వెడల్పాకువి పొద్దున నేను గుర్తుపట్టినవి చెప్తాను: గడ్డిచామంతి, నేల ఉసిరి, రెడ్డివారి నానబాలు, పావిలి కూర, ఉత్తరేణి, గోడ మూల ముళ్ల తోటకూర, గేటు బయట వయ్యారిభామ. వీటిలో సగం మన పెద్దవాళ్లకి కూరో మందో అయినవే. గడ్డిచామంతి ఆకు నలిపి దెబ్బకి పెట్టుకోని పిల్లలు పల్లెల్లో ఉండేవారు కాదు. అందుకని వెడల్పాకు కలుపు పలచగా ఉన్నచోట మందు జోలికి వెళ్లొద్దంటాను. బొరిగెతో తవ్వితే వేరుతో సహా వస్తుంది, తుంగలాగా మొండికెయ్యదు. వయ్యారిభామని మాత్రం పూత రాకముందే తీసేయండి, చేతులకి గ్లౌజులు వేసుకుని. 1950ల్లో పుణె దగ్గర మొదట కంటపడిన మొక్క అది, ఇవాళ దేశంలో అది లేని రోడ్డు పక్క లేదు. ఒంటికి తగిలితే దురదలు, దద్దుర్లు. దాని పుప్పొడి కొంతమందికి ఆయాసం తెప్పిస్తుంది.

ఇక మందులు. ముందుగా, ఏది వద్దో చెప్తాను.

మన రెండు ఊళ్ల చుట్టూ మాగాణుల్లో వరి కోసిన తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేస్తారు. ఆ రైతులకి కావలసినవి పారాక్వాట్, అట్రాజిన్ అనే కలుపుమందులు. కాబట్టి మందుల షాపుకి వెళ్లి గడ్డిమందు ఇవ్వండి అంటే, ఎదురుగా ఉన్న ఆ సీసానే చేతికి వచ్చే అవకాశం ఎక్కువ. పారాక్వాట్ కొడితే సాయంత్రానికే ఆకు మాడిపోతుంది. చూసినవాళ్లకి ఎంత బాగా పనిచేసిందో అనిపిస్తుంది. కానీ అది తగిలిన ఆకునే మాడుస్తుంది, వేరులోకి దిగదు. తుంగ గడ్డకి ఏమీ కాదు, పది రోజులకి మళ్లీ తల ఎత్తుతుంది. ఇంతా చేస్తే, ఆ మందు ఒక్క గుక్క మనిషి లోపలికి పోతే విరుగుడు లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, తెలివిలో ఉండగానే మనిషి పోతాడు. పిల్లలు తిరిగే పార్కు కోసం ఆ సీసా ఈ కాలనీ గేటు దాటి లోపలికి రాకూడదు. నా ఉద్యోగంలో ఇలాంటివి జరిగిన ఇళ్లకి వెళ్లి కూర్చున్నాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. అట్రాజిన్ సంగతి వేరు, అది మట్టిలో నెలల తరబడి ఉంటుంది. చల్లిన పచ్చిక విత్తనాన్ని మొలవనివ్వదు.

మొలవనివ్వని మందుల్లో ఇంకోటి పెండిమిథాలిన్. పత్తి, మిర్చి రైతులందరికీ తెలుసు, పసుపు రంగు మందు. గింజ మొలకెత్తేటప్పుడు వేరుని పట్టుకుని ఆపుతుంది. లాన్‌లో కలుపు గింజల మీద చాలా బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ దానికి కలుపు గింజ ఏదో, మీరు వెయ్యి రూపాయలు పెట్టి తెచ్చిన గరిక గింజ ఏదో తెలియదు. గుంటూరులో ఒక ఇంటివాళ్లు కలుపు రాకుండా ఉంటుందని ముందు రోజు పెండిమిథాలిన్ కొట్టించి, మర్నాడు విత్తనం చల్లారు. ఇరవై రోజులు పూటపూటా నీళ్లు పెట్టారు. నన్ను పిలిచేసరికి విత్తనం నకిలీదని కొట్టువాడితో గొడవపడి వచ్చి ఉన్నారు. నేల గీరి చూస్తే గింజలు అలాగే ఉన్నాయి. కొన్నింటికి వేరు బయటికి వచ్చి, మొద్దుబారి ఆగిపోయింది. ఆ మందు వేసిన నేలలో విత్తనం చల్లాలంటే మూడు నాలుగు నెలలు ఆగాలి. మీరు ఈ వర్షాకాలంలో చల్లదలుచుకున్నారు కాబట్టి ఆ మందు ఊసే వద్దు. వచ్చే ఏడాది పచ్చిక కుదురుకున్నాక అవసరమైతే ఆలోచిద్దాం.

2,4-డి గురించి చెప్పాలంటే మా తమ్ముడి పత్తి గురించి చెప్పాలి. ఇది వెడల్పాకు కలుపుని చంపుతుంది, గడ్డి జాతిని వదిలేస్తుంది. అందుకని పచ్చిక ఉండగానే కొట్టుకోవచ్చని దీనికి పేరు. మా ఇంటి ముందు లాన్‌లో గడ్డిచామంతి ఎక్కువైందని, మా తమ్ముడి స్ప్రేయర్ తెప్పించుకుని 2,4-డి కొట్టించాను. రెండుసార్లు మంచినీళ్లు పోసి కడిగించి పంపాను. వాడు మర్నాడే అదే స్ప్రేయర్‌తో ఎకరం పత్తికి పచ్చదోమ మందు కొట్టాడు. వారం తర్వాత ఫోన్. అక్కా, చేను అదోలా ఉంది, ఒకసారి రా. వెళ్లాను. కొత్తగా వచ్చిన ఆకులు పత్తి ఆకుల్లా లేవు. చీలిపోయి, సన్నగా సాగి, కొన్ని దారాల్లా వేలాడుతున్నాయి. కొమ్మల చివర్లు మెలి తిరిగాయి. చూడగానే నాకు తెలిసిపోయింది. పురుగూ కాదు, తెగులూ కాదు. రైతులకి జాగ్రత్తలు చెప్పిన నేనే, నా నాలుగు గజాల లాన్ కోసం తమ్ముడి చేను పాడుచేశాను. ఆ ఏడాది ఆ ఎకరంలో దిగుబడి పోయింది. వాడు ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తు.

పత్తికి ఆ మందు అంటే అంత భయం. ట్యాంకు అడుగున, పైపులో, వాషర్‌లో మిగిలిన కాస్త చాలు. మిర్చి, టమాటా, ద్రాక్ష కూడా దాన్ని ఓర్చుకోలేవు. మీకు ఇక్కడ పత్తిచేను లేదు. కానీ చుట్టూ మేడల మీద కుండీలు చూశాను. టమాటాలు, మిర్చి మొక్కలు, గులాబీలు. గాలికి తుంపర లేస్తే వాటిమీదికే పోతుంది. అందుకని కలుపుమందుకి వేరే స్ప్రేయర్ కొనండి. దానిమీద ఎర్ర రంగు పూయండి. దాంతో ఇంకే పనీ చేయకండి, ఎవరికీ అరువు ఇవ్వకండి. 2,4-డి వాడితే విత్తనం చల్లడానికి కనీసం నాలుగు వారాలు ఆగండి. కొత్తగా మొలిచిన పచ్చిక మీద, దాన్ని మూడు నాలుగుసార్లు కత్తిరించేదాకా ఈ మందు కొట్టొద్దు. గడ్డిని చంపదన్న మాట వేరూనిన గడ్డి గురించే గానీ, పసిమొలక గురించి కాదు.

తూర్పు వైపు ఉన్న తుంగకి హాలోసల్ఫ్యూరాన్ అని ఒక మందు ఉంది. గరికని వదిలి తుంగని పడుతుంది, గడ్డ దాకా దిగుతుంది. చెరకు, మొక్కజొన్న రైతులు వాడతారు. ఎకరానికి 36 గ్రాములు, అంతే. సెంటుకి చూస్తే గ్రాములో మూడో వంతు. తూర్పు వైపు పది సెంట్లున్నాయి, మూడున్నర గ్రాములు చాలు. చెంచాతోనో, కళ్లంచనాతోనో వేసే మందు కాదు. బంగారం కొట్లో తూచే త్రాసులాంటిది ఒకటి కావాలి, ఇప్పుడు చిన్నవి అందరికీ దొరుకుతున్నాయి. సెంటుకి రెండు లీటర్ల నీళ్ల లెక్కన కలపాలి. కొట్టిన వారానికి చూసి ఏమీ కాలేదని కంగారుపడి మళ్లీ కొట్టొద్దు. నిదానం మందు అది. రెండు వారాలకి పసుపు తిరుగుతుంది, మూడు నాలుగు వారాలకి ఎండుతుంది. కొట్టినదగ్గర నుంచి నాలుగు వారాలు నిండాకే మధ్య ఖాళీల్లో విత్తనం చల్లాలి.

పడమటి పల్లం మాత్రం గ్లైఫోసేట్ పని. దీన్ని పక్కన పెట్టి మాట్లాడలేం, తొందరపడి వాడలేం. దీనికి కలుపుని చంపే గుణం ఉందని 1970లో కనిపెట్టారు, 1974 నుంచి అమ్మకంలో ఉంది. ఆకు మీద పడితే మొక్క ఒంట్లో ప్రయాణం చేసి వేరుకి, గడ్డకి చేరుతుంది. తుంగ, గరిక, ఊద అని చూడదు, పచ్చగా ఉన్నది ఏదైనా చంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందనున్న కేన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్న జాబితాలో పెట్టింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దీన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి తమ్ముళ్లూ, ఈ మందు మీ వీపున మొయ్యాల్సిన పని లేదు. ఎవరైనా మొయ్యమంటే వద్దనండి. కమిటీ లైసెన్సు ఉన్నవాళ్లని పిలిపించాలి. వాళ్లు వచ్చినప్పుడు ఏం అడగాలో చెప్తాను.

ఒకటి, డబ్బా చూపించమనండి. ఒక్క గ్లైఫోసేటేనా, దాంతో ఇంకో మందు కలిసి ఉందా అని లేబుల్ మీద చదవండి. మళ్లీ మొలవకుండా ఎక్కువ కాలం పనిచేస్తుందని చెప్పి అమ్మే జంట మందులు ఉన్నాయి. ఆ రెండోది మట్టిలో కూర్చుని మీ విత్తనాన్నీ ఆపుతుంది. 41 శాతం ద్రవమా, 71 శాతం గుళికలా అన్నది కూడా చూడండి, మోతాదు మారిపోతుంది.

రెండు, ఏ నీళ్లలో కలుపుతారో అడగండి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. గ్లైఫోసేట్‌కి మట్టి అంటే ప్రాణం. బంకమట్టి రేణువు కనబడితే చాలు అతుక్కుపోతుంది. అతుక్కున్నది ఇక వేరుకి అందదు. ఇది కొట్టిన నేలలో వారం పది రోజులకే విత్తనం చల్లగలుగుతున్నాం అంటే ఆ గుణం వల్లే. మందు మాయమైపోయిందని కాదు, మట్టి పట్టుకుని కూర్చుందని. సరే, అదే గుణం ట్యాంకులో ఏం చేస్తుంది? ఇప్పుడు వానలు మొదలయ్యాయి, కాలవ నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఆ నీళ్లలో కలిపితే బకెట్టులోనే మందు మట్టికి అతుక్కుపోతుంది. ఆకు మీద పడేది ఉత్త నీళ్లే. బోరు నీళ్లలో ఉప్పదనం, సున్నపు గుణం ఎక్కువున్నా అంతే, సగం మందు చచ్చిపోతుంది. అందుకే తేటగా ఉన్న మంచినీళ్లు వాడాలి. లీటరుకి పది గ్రాములు అమ్మోనియం సల్ఫేట్ ముందు కరిగించి, ఆ తర్వాత మందు కలిపితే నీళ్ల దోషం చాలావరకు పోతుంది. ఆకుల మీద దుమ్ము పేరుకుని ఉన్నా పనిచేయదు. ఈ రోడ్డు పక్క దుమ్ము నేను చూశాను. ముందు రోజు నీళ్లతో కడగండి.

మూడు, ఎప్పుడు కొడతారో అడగండి. గాలి లేని ఉదయం, మంచు ఆరాక కొట్టాలి. తర్వాత కనీసం ఆరు గంటలు వాన రాకూడదు. కొట్టబోయే ముందు వారం పది రోజులు గడ్డి కత్తిరించకండి. మందుని లోపలికి తీసుకునేది ఆకు. ముందు శుభ్రంగా ఉంటుందని మెషీన్ వేసి గొరిగేస్తే, మందు పడటానికి చోటే ఉండదు. ఎండకి వాడిపోయి ఉన్న కలుపు మీద కూడా దండగ. నీళ్లు పెట్టి, ఏపుగా పెరగనిచ్చి, తుంగకి పూత రాకముందు కొట్టాలి. మీరు చంపబోయేదానికి నీళ్లెందుకు అని అడిగారు ఇందాక ఒకావిడ. బాగా తింటున్న మొక్కే మందునీ గడ్డ దాకా మోసుకుపోతుందమ్మా.

కొట్టాక కనీసం వారం, తుంగకైతే రెండు వారాలు, పార పెట్టొద్దు, పీకొద్దు. మూడో రోజున పచ్చగానే కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. తర్వాత ఎండుతుంది. అక్కడ ఆపేయకండి. మళ్లీ నీళ్లు పెట్టండి, వానలు ఎలాగూ ఉంటాయి. నిద్రపోతున్న గడ్డలు, ఒండ్రులో వచ్చిన గింజలు లేస్తాయి. లేవనివ్వండి. నాలుగైదు ఆకులు వచ్చాక రెండోసారి. ఈ మధ్య కాలం మూడు నాలుగు వారాలు. పార్కు బోసిగా, మట్టిగా, అక్కడక్కడా మొలకలతో ఉంటుంది. ఫోన్లు మొదలవుతాయి: ఏంటి ఇలా వదిలేశారు, తొందరగా విత్తనం చల్లించండి అని. అప్పుడు కమిటీ గట్టిగా నిలబడాలి. మొదటి మందుకే విత్తనం చల్లేస్తే, ఆ మొలకల్లో లేచిన తుంగని తర్వాత ఏ మందుతోనూ కొట్టలేరు. కొత్త గరిక ఓర్చుకోదు.

రెండు సెంట్ల లోపు లాన్ ఉన్న ఇళ్లవాళ్లు ఈ మందులేవీ తేవద్దు. నేల బాగా తడిపి, అద్దంలా కిందిది కనిపించే పలచని పాలిథిన్ పరిచి, అంచుల మీద మట్టి కప్పి ఏప్రిల్, మే నెలల్లో ఆరు వారాలు వదిలేయండి. మన ఎండ చాలు. గింజలు చాలావరకు ఉడికిపోతాయి. తుంగ గడ్డలు లోతువి మిగులుతాయి, వాటిని రోహిణి కార్తె ఎండలో తవ్వి పైకి పడేస్తే ఎండి చస్తాయి. ఈ ఏడాదికి ఆ కాలం దాటిపోయింది. పైయేడు చూసుకోండి.

చవితి సంగతి చెప్పి విత్తనం దగ్గరికి వస్తాను. గుంటూరులో మా వీధి పార్కుకి ఒక ఏడాది ఆగస్టులో గ్లైఫోసేట్ కొట్టించాం. అప్పటికి 2022 ఉత్తర్వు ఇంకా రాలేదు. నేనే దగ్గరుండి కొట్టించాను. గేటుకి బోర్డు పెట్టాం, పిల్లలు రాకూడదని. నాలుగో రోజు వినాయక చవితి. ఆ తెల్లవారుజామున పాలకి వెళ్తూ చూస్తే, ఒక పెద్దావిడ బుట్ట పట్టుకుని వంగి గరిక కోస్తోంది. పక్కన ఉత్తరేణి, అప్పటికే కట్ట కట్టింది. ఆవిడకి బోర్డు చదవడం రాదు. మందు పడ్డాక మొదట్లో పచ్చగానే ఉంటుందని చెప్పానే, అలాగే ఉంది, నిగనిగలాడుతూ. నా కాళ్లు వణికాయి. ఆవిడ చేతిలో బుట్ట తీసుకుని, చేతులు కడిగించి, అప్పటికే ఎవరెవరు కోసుకెళ్లారో అడిగి ఇల్లిల్లూ తిరిగాను. పత్రి పూజ అయ్యాక ఆవుకి పెడతాం. ఉండ్రాళ్ల పళ్లెం పక్కనే పెడతాం. దూర్వాయుగ్మం అని చదువుతూ దేవుడి మీద వేసే పోచ అది. అది కలుపా, పచ్చికా, పత్రా అన్నది దాన్ని కోసేవాళ్లని బట్టి ఉంటుంది. నేను లాన్‌నే చూశాను, కోసేవాళ్లని చూడలేదు.

ఇక్కడ అలా జరగకూడదు. బోర్డు ఒక్కటే చాలదు. నాలుగు మూలలా తాడు కట్టండి. ఇంట్లో పనిచేసేవాళ్లకి, ఆవుల్ని వదిలేవాళ్లకి, పావిలి కూర కోసుకునేవాళ్లకి నోటితో చెప్పండి. ఎర్ర జెండాలు గుచ్చండి. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసి కొట్టేయాలి. డ్రైనేజీలో పోస్తే కాలవలోకి పోతుంది. డబ్బాకి కన్నాలు పెట్టి పడేయాలి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి అటక మీద పెట్టడం ఎవరి ఇంట్లోనూ జరగకూడదు.

వీడియోలు చూసి, అమెరికాలోలాగా మనమూ విత్తనం సెప్టెంబరు, అక్టోబరుల్లో చల్లొచ్చా అని నలుగురు నన్ను అడిగారు. అమెరికాలో సెప్టెంబరులో ఫెస్క్యూ అనే గడ్డి చల్లుతారు, దక్షిణాన అక్టోబరులో రై గడ్డి చల్లుతారు. అక్కడ చలికి గరిక పసుపు తిరిగి నిద్రపోతుంది, శీతాకాలం పచ్చగా ఉండటానికి దానిమీద ఇంకో గడ్డి. మన బెజవాడలో గరిక నిద్రపోయేంత చలి ఎక్కడుంది? ఆ చలిదేశపు గడ్డి ఇక్కడ ఎండ ముదిరేసరికి పోతుంది. మనకి గరికే కావాలి, వానాకాలంలోనే చల్లాలి. కార్తెలతో చెప్తాను, తేదీలకన్నా తేలిక. ఇప్పుడు మృగశిర, నీళ్లు పెట్టి కలుపుని పెరగనివ్వండి. ఆరుద్ర మొదట్లో రెండు వైపులా మొదటి మందు. పుష్యమి రాగానే పడమటి పల్లానికి రెండో మందు. ఆశ్లేష ముందు సగంలో విత్తనం.

గరిక విత్తనం కిలోకి దాదాపు 40 లక్షల గింజలు, గసగసాల్లా ఉంటాయి. ఖాళీ నేలకి రెండున్నర సెంట్లకి ఒక కిలో దాకా, పలచగా ఉన్న పచ్చికలో అందులో సగం. పొడి ఇసుకలో కలిపి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చల్లండి. దంతెతో గీరాక చల్లితే గింజకి మట్టి తగులుతుంది. పైన అర సెంటీమీటరుకి మించి మట్టి కప్పొద్దు, లోతు పడితే మొలవదు. చివికిన పశువుల ఎరువు జల్లెడ పట్టి పలచగా వేయండి, పచ్చి ఎరువు వేస్తే మళ్లీ కలుపు గింజలు మీ చేత్తో మీరే చల్లినట్టు. మూడు వారాలు రోజుకి రెండు మూడుసార్లు పలచగా నీళ్లు. గట్టి వాన పడే సూచన ఉంటే చల్లడం వాయిదా వేసుకోండి, ఆ పల్లంలోకి గింజంతా కొట్టుకుపోతుంది. కానుగ చెట్ల కింద ఎంత చల్లినా గరిక రాదు, దానికి ఎండ కావాలి. అక్కడ నీడకి తట్టుకునే బఫెలో గడ్డి పిలకలు గుచ్చండి. ఇళ్లలో కొరియన్ గడ్డి వేసుకున్నవాళ్లు మాత్రం ఖాళీల్లో గరిక గింజ చల్లకండి. రెండూ కలిసి అతుకుల బొంతలా ఉంటుంది. అదే గడ్డి పిలకలు తెచ్చి నాటుకోవాలి.

ఇంకొక్కటి. ఉత్తరం గోడ పక్కన, నీళ్ల ట్యాంకు వెనక, సెంటున్నర నేల ఉంది. అక్కడ గరిక చక్కగా ఉంది, ఉత్తరేణి ఉంది, తుంగ లేదు. దాన్ని వదిలేయండి. ఏ మందూ కొట్టొద్దు, మెషీన్ కూడా వేయొద్దు. ఇటుకలు నిలబెట్టి హద్దు కట్టండి. చవితినాడు ఎవరైనా వస్తే అక్కడ కోసుకోమని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి. హద్దు ఎక్కడిదాకానో నేను వెళ్లేలోపు మేకులు కొట్టి చూపిస్తాను. ఇటుకలు ఎవరైనా పది తెస్తారా?